ఊరి మురుగు ఊరి చివరే ఆగాలి

శ్రీకూర్మం: శ్రీకూర్మం రెండు నదుల నడుమ ఉన్న ఊరు. నాగావళి కళ్లేపల్లి దగ్గర, వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఎగువనున్న ఊళ్ల మురుగు గెడ్డల్లో పడి, నదుల్లో కలిసి, చివరికి దిగివచ్చేది ఈ తీరానికే. నదిని పాడుచేసేది పట్నాలే, పల్లె మురుగు ఏపాటిది అనుకుంటాం. ఒకసారి లెక్క వేసి చూడండి.

ఏపాటి మురుగు?

2019లో మొదలైన జల జీవన్ మిషన్ లెక్కన మనిషికి రోజుకు 55 లీటర్ల నీరివ్వాలి. అందులో 80 శాతం వాడాక బయటికి వస్తుందని ఇంజినీర్ల అంచనా. వెయ్యిమంది ఉన్న ఊరైతే రోజూ 44 వేల లీటర్ల మురుగన్నమాట.

మురుగులోని మలినాన్ని తినే సూక్ష్మజీవులకు ప్రాణవాయువు కావాలి. లీటరు మురుగుకు 200 మిల్లీగ్రాములు పడుతుందనుకుందాం. మన ఎండలకు లీటరు మంచినీటిలో ఉండేది ఏడెనిమిది మిల్లీగ్రాములే. అంటే ఆ ఊరి ఒక్కరోజు మురుగు దాదాపు 12 లక్షల లీటర్ల నీటిలోని ప్రాణవాయువును మింగేయగలదు. వరదలప్పుడు ఇది తెలియదు. వేసవిలో నది సన్నని పాయైనప్పుడు చేపలు ఊపిరాడక తేలిపోతాయి.

పొలానికీ చేటే

మురుగు పారితే ఎరువు కలిసొస్తుందని కొందరంటారు. కొంతవరకు నిజమే. కానీ అందులో నత్రజని ఎంతుందో తెలియకుండా మళ్లీ యూరియా వేస్తే వరి ఏపుగా పెరిగి పడిపోతుంది. దోమ, అగ్గితెగులు పెరుగుతాయి. చివరికి తాలు మిగులుతుంది. పచ్చి మురుగులో దిగి పనిచేసేవారికి నులిపురుగులు, చర్మ వ్యాధులు తప్పవు.

శుద్ధి ఇలా

చిన్న ఊరికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. నేల వాలు కుదిరితే కరెంటు కూడా అక్కరలేదు. ముందు జల్లెడ పెట్టి చెత్తను ఆపాలి. తరవాత మడ్డి గుంతలో బురద అడుగుకు దిగుతుంది. పైకి తేరిన నీటిని చెరువులో పది రోజులు నిలవ ఉంచాలి. ఎండ, నాచు కలిసి నీటికి ప్రాణవాయువునిస్తాయి. వెయ్యిమంది ఊరికి ఐదడుగుల లోతున సుమారు 7 సెంట్ల చెరువు చాలు. గట్లకు, రాళ్ల మడికి చోటు వేరే చూసుకోవాలి.

చివరిది రాళ్ల మడి. గులకరాళ్లు పరిచి మెట్టతామర, జమ్ము నాటితే వాటి వేళ్ల దగ్గర చేరిన సూక్ష్మజీవులు మిగిలిన మలినాన్ని తినేస్తాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ రకం మడులపై పరిశోధన చేశారు.

పంజాబ్‌లో 160 కిలోమీటర్ల కాలీ బేన్ నది మురుగుకాలవగా మారిపోయింది. 2000లో బల్బీర్ సింగ్ సీచేవాల్ జనాన్ని కూడగట్టి దాన్ని బాగుచేయడం మొదలుపెట్టారు. ఒడ్డునున్న పల్లెల మురుగును బావుల్లో తేర్చి, చెరువులో నిలిపి, పొలాలకు మళ్లించారు. నదిలో పూడిక తీయడం ఒక్కటే చాలదు, మురుగు దారి కూడా మార్చాలని ఆయన చేసి చూపించారు.

నదికా? పొలానికా?

శుద్ధి చేసిన నీటిని నదిలోకి వదలాలంటే దాని ప్రాణవాయువు అవసరం లీటరుకు 30 మిల్లీగ్రాములు మించరాదు. పొలానికి పెట్టాలంటే 100 వరకు ఉండొచ్చు. ఇది కేంద్ర పర్యావరణ నిబంధన. అందుకే చిన్న ఊరికి పొలం దారే సులువు. నదికి భారం తగ్గుతుంది, మీకు వేసవి తడి దక్కుతుంది. కొబ్బరి, సరుగుడు, పశుగ్రాసానికి ఈ నీరు పెట్టండి. పచ్చిగా తినే కూరలకు, ఆకుకూరలకు మాత్రం వద్దు.

ఇవి మరవకండి

మరుగుదొడ్డి గొట్టాన్ని వీధి కాలవలోకి కలపకండి. రెండు గుంతల దొడ్డి కట్టుకుని, నిండిన గుంతను ఏడాదికి పైగా మూసి ఉంచితే అది ఎరువవుతుంది. ఇసుక నేలల్లో మురుగు తొందరగా ఇంకిపోతుంది కాబట్టి ఇంకుడు గుంతను తాగునీటి బావికి దూరంగా తవ్వండి. మడ్డి గుంతను వేళకు తోడించే మనిషిని ముందే పెట్టుకోండి. తోడకపోతే చెరువే మురుగుగుంటవుతుంది.

2020లో మొదలైన స్వచ్ఛభారత్ రెండో దశలో పల్లెల మురుగునీటి పనులకూ నిధులు పెట్టారు. మీ పంచాయతీలో ఏ పనికి ఎంత వచ్చిందో, ఎక్కడ ఖర్చయిందో కార్యదర్శిని అడగండి. గ్రామసభకు వెళ్లేముందు మీ వీధి కాలవ వెంట చివరిదాకా నడిచి, నీరు ఏ గెడ్డలో పడుతోందో చూసుకోండి. శుద్ధి చెరువు తవ్వాల్సింది ఆ గెడ్డకు ముందే.