మల్టిపుల్ మైలోమా: తెలుసుకుంటే సగం భయం పోతుంది

2018 నుంచి నేను మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌తో కాపురం చేస్తున్నాను. మన ఉగాది, దీపావళి వేడుకల్లో నన్ను చూసే చాలామందికి ఈ సంగతి తెలియదు. నేను డాక్టర్ని కాను, రిటైరైన ఇంజనీర్ని. రోగిగా తెలుసుకున్నవి నలుగురికీ పనికొస్తాయని ఈ వ్యాసం రాస్తున్నాను.

అసలేమిటీ జబ్బు?

ఎముకల లోపలి మూలుగలో ప్లాస్మా కణాలు ఉంటాయి. రోగాలతో పోరాడే యాంటీబాడీలను తయారు చేయడం వాటి పని. వాటిలో ఒకటి దారి తప్పి, తనలాంటి కణాలనే పెంచుకుంటూ పోతే అది మైలోమా. ఈ కణాలు ఎం ప్రోటీన్ అనే పనికిరాని ప్రోటీన్‌ను రక్తంలోకి వదులుతాయి. అమెరికాలో ఏటా సుమారు 36 వేల మందికి ఈ జబ్బు కొత్తగా బయటపడుతోంది. వారిలో ఎక్కువమంది 65 దాటినవారే.

లక్షణాలను డాక్టర్లు 'క్రాబ్' అనే మాటతో గుర్తుపెట్టుకుంటారు. సి అంటే రక్తంలో కాల్షియం పెరగడం, ఆర్ అంటే రీనల్, అంటే కిడ్నీలు దెబ్బతినడం, ఎ అంటే ఎనీమియా, బి అంటే బోన్, అంటే ఎముకలు గుల్లబారడం.

ఎలా కనిపెడతారు?

నాకు నడుము నొప్పితో మొదలైంది. ఒక క్లినిక్‌లో వయసు వల్ల అని చెప్పి ఆరు నెలలు నొప్పి మాత్రలు ఇచ్చారు. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటివి మైలోమా రోగుల కిడ్నీలకు చేటు చేస్తాయి. చివరికి మరో డాక్టరుగారు మామూలు రక్తపరీక్షలోనే మొత్తం ప్రోటీన్ బాగా ఎక్కువగా, ఆల్బుమిన్ మామూలుగా ఉండటం గమనించి అనుమానించారు. తర్వాత ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్, ఫ్రీ లైట్ చెయిన్స్, మూత్ర పరీక్ష, పెట్ స్కాన్, మూలుగ బయాప్సీ చేసి నిర్ధారించారు.

ఎం ప్రోటీన్ కనబడిన ప్రతివారికీ క్యాన్సర్ ఉన్నట్టు కాదు. 50 దాటినవారిలో నూటికి ముగ్గురికి అది కొద్దిగా ఉంటుంది. దీన్ని ఎంగస్ అంటారు. వారిలో ఏడాదికి నూటికి ఒకరికి మాత్రమే అది మైలోమాగానో, అలాంటి మరో జబ్బుగానో మారుతుంది. వైద్యం అక్కర్లేదు, పరీక్షలు చేయించుకుంటూ ఉంటే చాలు.

వైద్యం

1999లో థాలిడోమైడ్ ఈ జబ్బుకు పనిచేస్తుందని తేలింది. 2003లో బోర్టెజోమిబ్, 2006లో లెనలిడోమైడ్, 2015లో డారటుముమాబ్, 2021లో కార్-టి వైద్యం అమెరికాలో మైలోమాకు అనుమతి పొందాయి. మన హైదరాబాద్ కంపెనీలు నాట్కో, డాక్టర్ రెడ్డీస్ లెనలిడోమైడ్ జనరిక్ తయారు చేస్తున్నాయి.

నాకు మొదట మూడు మందులు కలిపి ఇచ్చారు. తర్వాత నా రక్తం నుంచే మూలకణాలు తీసి భద్రపరిచి, మెల్ఫలాన్ పెద్ద మోతాదులో ఎక్కించి, ఆ కణాలను తిరిగి ఎక్కించారు. ఇంకొకరు దానం చేయనక్కర్లేదు. మెల్ఫలాన్ ఎక్కుతున్నంతసేపు ఐసు ముక్కలు చప్పరించమన్నారు. నోటిపూత తగ్గుతుందట. జుట్టు ఊడింది, ఆవకాయ నిషేధమైంది, మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాను.

ఆరేళ్ళు అదుపులో ఉన్న జబ్బు 2024లో మళ్ళీ తలెత్తింది. ఇప్పుడు డారటుముమాబ్‌తో కూడిన వైద్యం నడుస్తోంది. అది పనిచేయకపోతే కార్-టి ఉందన్నారు. చాలామందికి ఈ జబ్బు పూర్తిగా నయం కాదు, కానీ ఏళ్ళ తరబడి అదుపులో ఉంచవచ్చు. రోజూ ఉదయం రెండు మైళ్ళు నడుస్తున్నాను.

దాచాలా?

"అమ్మాయి పెళ్ళి కావాలి, బయటికి పొక్కితే ఎలా?" అని ఆప్తులు హెచ్చరించారు. మా అమ్మాయే "రాయండి నాన్నా" అంది. ఇది అంటువ్యాధి కాదు. రక్తసంబంధీకులకు ముప్పు కాస్త ఎక్కువే అయినా, వారిలోనూ ఎక్కువమందికి ఇది రాదు. దాచడం వల్ల రోగి ఒంటరి అవుతాడు, అంతే.

మీ అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు తగ్గని నడుము నొప్పి, నీరసం, రక్తహీనత కలిసి కనిపిస్తే "వయసు మీద పడింది" అని సరిపెట్టకండి. ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ అవసరమా అని డాక్టరుగారిని అడగండి. ఈ జబ్బు గురించి తెలుగులో మాట్లాడుకోవాలనిపిస్తే సంపాదకుల ద్వారా నాకు కబురు పెట్టండి. ఎప్పుడైనా సరే, ఫోన్ చేస్తాను.