తొందరపడని వాల్వు

"ఒక్కడు కూర్చున్నా ఐదుగురు కూర్చున్నా ఆ కారు ఎత్తు మారదన్నారు. గతుకు ఎక్కినప్పుడూ చక్రం పైకే వస్తుంది, మనుషులు ఎక్కినప్పుడూ చక్రం పైకే వస్తుంది. ఏది గతుకో ఏది మనిషో దానికెలా తెలుస్తుంది సార్?"

పాలిటెక్నిక్ ఆటోమొబైల్ క్లాసులో హైడ్రోన్యుమాటిక్ సస్పెన్షన్ పాఠం చెబుతుంటే వెనక బెంచీ నుంచి వచ్చిన ప్రశ్న ఇది. మా పుస్తకంలో ఈ విషయానికి ఒక బొమ్మ, ఒక పేరా. గోళం, పైన గ్యాసు, కింద ఆయిల్, అంతటితో సరి. ఆ కుర్రాడు మాత్రం యంత్రం ప్రాణం ఎక్కడుందో సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు. గ్యాసును స్ప్రింగుగా వాడొచ్చని చాలామందికి తట్టింది. గతుకునూ మనిషినీ వేరుచేయగల వాల్వును తయారుచేసి, దాన్ని రోడ్డు మీద లక్షల కార్లలో తిప్పి చూపించింది మాత్రం ఫ్రాన్సులో సిట్రోయెన్ వాళ్లే.

ముందు గ్యాసు సంగతి చూద్దాం. పెద్ద సిరంజి ఒకటి తీసుకుని, సూది పెట్టకుండా మూతిని వేలితో గట్టిగా మూసి పిస్టన్ నొక్కండి. మొదట్లో సులువుగా దిగుతుంది. పోను పోను మొండికేస్తుంది. చోటు సగమైతే ఒత్తిడి రెట్టింపు అని బాయిల్ చెప్పింది ఇదే. ఇనప స్ప్రింగు ఇలా ఉండదు. మొదటి సెంటీమీటరు నొక్కడానికి ఎంత బలం కావాలో, ఐదో సెంటీమీటరుకూ అదనంగా అంతే చాలు. అందుకే ఖాళీ లారీ కమాన్ పట్టీల మీద ఎగిరెగిరి పడుతుంది, అదే లారీ నిండుగా ఉంటే ఊగుతుంది. రెండు బరువులకూ ఒకే కాఠిన్యం సరిపోదు మరి.

సిట్రోయెన్ డీఎస్‌లో చక్రానికొకటి చొప్పున, రెండు చేతుల్లో ఇమిడేంత ఉక్కు గోళం ఉంటుంది. లోపల మధ్యలో రబ్బరు పొర. పొరకు అటు నైట్రోజన్, ఇటు ఆయిల్. చక్రం పైకి లేస్తే దాని చెయ్యి ఒక పిస్టన్‌ను నెడుతుంది, పిస్టన్ ఆయిల్‌ను గోళంలోకి నెడుతుంది, ఆయిల్ పొరను నెడుతుంది, నైట్రోజన్ నలుగుతుంది. ఆయిల్ నలగదు కాబట్టి అది వట్టి కబురు మోసేదే, స్ప్రింగు పని అంతా గ్యాసుది. మామూలు గాలి ఎందుకు నింపలేదంటే, అంత ఒత్తిడిలో ఆక్సిజన్‌కు ఆయిల్ తగిలితే అంటుకునే ప్రమాదం ఉంది, రబ్బరు కూడా త్వరగా చెడుతుంది. షాక్ అబ్జార్బర్ అంటూ విడిగా ఏదీ లేదు. గోళం మెడలో ఒక చిన్న రంధ్రం, దాని పక్కన పలుచటి ఉక్కు బిళ్లలు. ఆయిల్ వాటిని ఒరుసుకుంటూ వెళ్లాలి, ఒరుసుకుంటూ రావాలి. ఊపు అక్కడే చస్తుంది.

కొంచెం లెక్క వేస్తే దీని అందం ఇంకా తెలుస్తుంది. 400 ఘన సెంటీమీటర్ల గోళంలో 50 బార్ల ఒత్తిడితో నైట్రోజన్ నింపామనుకుందాం. (కారు టైరులో ఉండేది 2 బార్లకు కాస్త అటూ ఇటూ.) కారు బరువు మోయడానికి 80 బార్లు కావాలంటే గ్యాసు 250కి కుదించుకుంటుంది. మనుషులు ఎక్కి బరువు పాతిక శాతం పెరిగి 100 బార్లు అయితే 200కి కుదించుకుంటుంది. గ్యాసు స్ప్రింగు కాఠిన్యం, ఒత్తిడిని చోటుతో భాగించిన దాన్ని బట్టి ఉంటుంది. అంటే 80ని 250తో భాగిస్తే 0.32, 100ని 200తో భాగిస్తే 0.5. పాతిక శాతం బరువుకు కాఠిన్యం 56 శాతం పెరిగింది! ఎవరూ ఏ మరా తిప్పలేదు. స్ప్రింగు తనంతట తాను గట్టిపడింది.

ఇంతవరకూ బాగానే ఉంది కానీ, గ్యాసు నలిగితే కారు కిందికి దిగుతుంది కదా. దాన్ని మళ్లీ పైకి తేవాలంటే సిలిండర్‌లోకి ఇంకాస్త ఆయిల్ ఎక్కించాలి. మనుషులు దిగాక అంత ఆయిలూ వదిలేయాలి. ఈ ఎక్కించడం, వదలడం చూసుకునేది హైట్ కరెక్టర్. ముందు ఒకటి, వెనక ఒకటి.

ఈ పద్ధతికి ఆద్యుడైన పాల్ మాజెస్ 1908లో పుట్టాడు. 17 ఏళ్లకే సిట్రోయెన్‌లో చేరాడు, ఇంజనీరింగ్ పట్టా లేదు. కంపెనీ పెద్ద పియేర్ బులాంజె ఇతన్ని తెచ్చి బ్రేకులు, సస్పెన్షన్ల పని అప్పగించాడు. చదువుకున్నవాళ్లు స్ప్రింగు లెక్కల్లో ఉండగా, మాజెస్ స్ప్రింగునే తీసిపారేశాడు. అతని ఆలోచనకు అసలు పరీక్ష కరెక్టర్ దగ్గరే ఎదురైంది.

కరెక్టర్ చూడటానికి ఏమీ ఉండదు. ఒక ఉక్కు దిమ్మ, దానిలో తొలిచిన గొట్టం, గొట్టంలో అటూ ఇటూ జరిగే సన్నటి ఉక్కు కడ్డీ. కడ్డీ ఒక వైపు జరిగితే పంపు నుంచి ఆయిల్ లోపలికి, రెండో వైపు జరిగితే లోపలి ఆయిల్ ట్యాంకులోకి, నడుమ ఉంటే రెండు దారులూ బంద్. ఈ కడ్డీని జరిపే తీగలాంటి రాడ్, రెండు పక్కల చక్రాలనూ కలిపే యాంటీరోల్ బార్ మధ్యలో బిగించి ఉంటుంది. ఆ చోటు ఎంచుకోవడంలోనే ఒక తెలివి ఉంది. మలుపులో కారు ఒక పక్కకు ఒరిగితే ఒక చక్రం పైకి, ఇంకోటి కిందికి పోతుంది. బార్ మెలితిరుగుతుంది తప్ప దాని నడుమ కదలదు. రెండు చక్రాలూ కలిసి లేస్తేనే నడుమ తిరుగుతుంది. కాబట్టి మలుపులు కరెక్టర్ దాకా చేరనే చేరవు.

మరి నేరుగా వచ్చే గతుకో? దానికి ఇంకో ఏర్పాటు. కడ్డీకి రెండు చివర్లా ఆయిల్ నిండిన చిన్న గదులు, వాటిని కలుపుతూ ఇరుకైన దారి. కడ్డీ నడుమ నుంచి పక్కకు జరగాలంటే ఒక గదిలోని ఆయిల్ ఆ ఇరుకులోంచి రెండో గదిలోకి పోవాలి. అది నిదానంగా జరిగే పని. ఈలోగా చక్రం ఎంత ఎగిరినా ఆ సన్న రాడ్ వంగి ఊరుకుంటుంది. గతుకు వచ్చి పోయేది క్షణంలో సగం కంటే తక్కువ. కడ్డీ కదిలేలోపే పని అయిపోతుంది. మనిషి ఎక్కితే అలా కాదు, కూర్చున్నవాడు కూర్చునే ఉంటాడు. రాడ్ నెడుతూనే ఉంటుంది, కడ్డీ నెమ్మదిగా జరుగుతుంది, ఆయిల్ వస్తుంది, కారు లేస్తుంది. ప్రతి అలికిడికీ లేచి తలుపు తీయని ఇంటి పెద్దాయన తీరు ఇది, వచ్చినవాళ్లు నిజంగా గుమ్మంలో నిలబడ్డారని తేలితేనే కదులుతుంది. అయితే సరైన ఎత్తుకు రాగానే ఆగిపోవడంలో మాత్రం నిదానం లేదు. నడుమకు తిరిగి రావడానికి వేరే విశాలమైన దారి ఉంది, టక్కున వచ్చి మూసేస్తుంది. వెళ్లడం నిదానం, రావడం వేగం. ఆ దారి లేకపోతే కారు అవసరానికి మించి లేచి, మళ్లీ అవసరానికి మించి దిగి, ఊగుతూనే ఉండేది.

మా కుర్రాడికి చెప్పిన జవాబు కూడా ఇదే. దానికి తెలియదు నాయనా, అది ఆగి చూస్తుంది.

ఇప్పుడు పాత కారు బాగోగులకు వద్దాం. సిట్రోయెన్ వాళ్ల డీఎస్, జీఎస్, సీఎక్స్, బీఎక్స్ ఏదైనా ఒకటే పద్ధతి. ఇనప స్ప్రింగు ముసలిదైతే కారు కుంగుతుంది, చూడగానే తెలుస్తుంది. గోళం ముసలిదైతే కారు కుంగదు! నైట్రోజన్ రబ్బరు పొరలోంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా జారిపోతుంది. తగ్గిన గ్యాసు చోటును ఆయిల్‌తో నింపి కరెక్టర్ ఎత్తును కాపాడుతూనే ఉంటుంది. మన లెక్కనే మళ్లీ చూడండి. 50 బార్లు 25కి పడిపోతే, అదే 80 బార్ల బరువు కింద గ్యాసు 125కి నలుగుతుంది. కాఠిన్యం రెట్టింపు. కారు చక్కగా నిటారుగానే ఉంటుంది, ప్రయాణం మాత్రం ఎడ్లబండిది అవుతుంది. మెల్లమెల్లగా వచ్చే మార్పు కాబట్టి రోజూ నడిపేవాడికి పట్టదు. ఇంజను నడుస్తుండగా కారు మూల మీద బలంగా ఒత్తి చూడటమే సులువైన పరీక్ష. మెత్తగా దిగి లేవాలి. రాయిలా ఉంటే ఆ గోళంలో గ్యాసు లేదు.

చక్రాల గోళాలు కాక, ఒత్తిడిని నిలవ ఉంచే ఇంకో గోళం పంపు రెగ్యులేటర్ మీద ఉంటుంది. పంపు ఆయిల్‌ను సుమారు 170 బార్లకు ఎక్కించి ఆగుతుంది, 145 దగ్గరికి పడిపోగానే మళ్లీ అందుకుంటుంది. ఆ మార్పు జరిగినప్పుడల్లా 'టిక్' మని వినిపిస్తుంది. బండి నిలబెట్టి ఇంజను నడుపుతూ ఆ టిక్కుల మధ్య ఎడం గమనించండి. అర నిమిషం, అంతకు మించి ఉంటే నిశ్చింత. రెండు మూడు క్షణాలకోసారి వస్తుంటే ఆ గోళం పని అయిపోయింది. దీన్ని నిర్లక్ష్యం చేయకూడదు, ఎందుకంటే బ్రేకులు కూడా ఈ ఆయిల్‌తోనే పనిచేస్తాయి. జీఎస్, బీఎక్స్‌లలో వెనక బ్రేకులకు ఒత్తిడి వెనక సస్పెన్షన్ నుంచే వస్తుంది. వెనక బరువెక్కితే వెనక బ్రేకు దానంతటదే బలపడుతుంది.

గోళం మార్చడం కష్టం కాదు. రెగ్యులేటర్ స్క్రూ వదులు చేసి, కారు లోపలి ఎత్తు లీవరును కింది గుర్తుకు పెట్టి, ఒత్తిడి పూర్తిగా పోయాక పట్టీ స్పానర్‌తో విప్పాలి. కొత్త సీలుకు ఆయిల్ రాసి, చేత్తో బిగిస్తే చాలు, ఒత్తిడే దాన్ని పట్టి ఉంచుతుంది. ఆయిల్ విషయంలో మాత్రం ఏ మినహాయింపూ లేదు. మొదటి కార్లలో వాడిన ద్రవాలు తడిని పీల్చుకుని లోపల తుప్పు పట్టించేవి. 1966 నుంచి ఎల్‌హెచ్‌ఎం అనే పచ్చటి ఖనిజ నూనె వచ్చింది. ఆ కార్ల భాగాలకు పచ్చరంగు పూసి ఉంటుంది. పచ్చ నూనె కారులో మామూలు బ్రేక్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి పాడవుతాయి. ట్యాంకులోని జాలీలను ఆయిల్ మార్చినప్పుడల్లా పెట్రోలుతో కడగాలి. కరెక్టర్ కడ్డీకి రబ్బరు సీలు లేదు, దానికీ గొట్టానికీ మధ్య ఉన్న సందు మైక్రాన్లలో ఉంటుంది. చిన్న మురికి చాలు గీత పడటానికి.

ఆ సందులోంచి ఆయిల్ కొద్దిగా కారుతూనే ఉంటుంది, గొట్టాల గుండా ట్యాంకుకు తిరిగి పోతుంది. నిలిపిన కారు గంటల తర్వాత నేలకు వాలిపోవడం అందుకే, అది జబ్బు కాదు. కానీ ఇందులోనే ప్రాణాపాయం ఉంది. గట్టి స్టాండ్లు పెట్టకుండా ఈ కారు కింద దూరడం ఎప్పుడూ తగదు. ఒత్తిడి పోతే అది చెప్పకుండా దిగుతుంది.

ఇక ఎత్తు సరిచేయడం, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. సమతలం మీద కారు నిలిపి, లీవరు మామూలు స్థానంలో పెట్టి, ఇంజను నడుస్తూ ఉండగా టేపుతో కొలిచేస్తే సరిపోదు. కరెక్టర్ కడ్డీకి నడుమ కొంత వెడల్పు ఉంది కదా, కారు పై నుంచి దిగి ఆగితే ఒక చోట ఆగుతుంది, కింది నుంచి లేచి ఆగితే ఇంకో చోట ఆగుతుంది. ఏది నిజం? రెండూ కాదు. అందుకని సిట్రోయెన్ పద్ధతి ఇలా ఉంటుంది. కారును చేతులతో లేపగలిగినంత లేపి వదలండి. దిగుతుంది, మళ్లీ లేస్తుంది, కుదురుకుంటుంది. కొలవండి. ఇప్పుడు కిందికి ఒత్తి వదలండి. లేస్తుంది, దిగుతుంది, కుదురుకుంటుంది. మళ్లీ కొలవండి. రెండింటి సగటే ఎత్తు. ఓ సెంటీమీటరు దాకా తేడా మామూలే. అంతకు మించితే ఎత్తు సరిచేయడం వృథా, ముందు రాడ్ కీళ్లకు గ్రీజు పెట్టాలి, అవి పట్టేసి ఉంటాయి. సగటు తప్పితే యాంటీరోల్ బార్ మీద రాడ్ క్లాంపు వదులు చేసి కొంచెం తిప్పాలి. క్లాంపు దగ్గర వెంట్రుకవాసి కదిలితే చక్రం దగ్గర చాలా మారుతుంది, చేయి తేలిగ్గా ఉండాలి. ముందు భాగం సరిచేశాక వెనక భాగం మళ్లీ కొలవాలి, ఒకటి మారితే కారు వాలు మారి రెండోదాన్నీ మారుస్తుంది. కరెక్టర్‌ను తిట్టేవాళ్లలో చాలామంది ఒక్కసారి కొలిచి వదిలేసినవాళ్లే.

ఈ పోటీలో ఇతరులు లేకపోలేదు. 1957లో జనరల్ మోటార్స్ తన కాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్‌లో గాలి సస్పెన్షన్ పెట్టింది. పెద్ద రబ్బరు సంచులు, తక్కువ ఒత్తిడి, కంప్రెసర్. గాలి కారిపోయేది. చాలామంది యజమానులు విసిగి ఇనప స్ప్రింగులు వేయించుకున్నారు. ఇంగ్లండులో అలెక్స్ మోల్టన్ దారి వేరు. 1962లో మోరిస్ 1100లో అతని హైడ్రోలాస్టిక్ వచ్చింది. ముందు చక్రం నుంచి వెనక చక్రానికి ద్రవం పోయే గొట్టం, పంపు లేదు, కరెక్టర్ లేదు. చవక, తెలివైనది కూడా. నలుగురు ఎక్కితే మాత్రం దిగిపోతుంది. సిట్రోయెన్‌ను గెలిపించింది గోళం కాదు, ఆ నిదానపు కడ్డీయే అని నా తీర్పు. ఆ సంగతి రోల్స్ రాయిస్‌కూ తెలుసు. 1965 సిల్వర్ షాడోకు ఎత్తు సర్దే పద్ధతిని సిట్రోయెన్ లైసెన్సుతోనే తీసుకుంది. ఇక స్వీడన్ వాళ్ల ఎస్-ట్యాంకు ఇలాంటి సస్పెన్షన్‌తో ఏకంగా ఒళ్లంతా వంచి ఫిరంగి గురి చూసేది. మన అర్జున్ ట్యాంకు కూడా హైడ్రోన్యుమాటిక్ మీదే నడుస్తుంది.

కార్లలో మాత్రం ఈ కథ ముగిసింది. 1989లో సిట్రోయెన్ ఎక్స్ఎమ్‌తో కంప్యూటరు చేరింది, తర్వాత జాంటియాలో నిలిపినా వాలని వాల్వు వచ్చింది, 2001లో సీ5. గోళాలు, గొట్టాలు, పంపు కలిపితే ఖర్చు ఎక్కువ. ఇనప స్ప్రింగులూ మంచి షాక్ అబ్జార్బర్లూ చవకలో బాగుపడ్డాయి. 2017లో సీ5తో పాటు గోళాలూ ఆగిపోయాయి. 2021లో సిట్రోయెన్ మన దేశానికి తెచ్చిన సీ5 ఎయిర్‌క్రాస్‌లో షాక్ అబ్జార్బర్ చివర్లలో హైడ్రాలిక్ కుషన్లు ఉన్నాయి, గతుకుల్ని బాగానే మింగుతాయి. అయితే అందులో పంపూ లేదు, కరెక్టరూ లేదు. వెనక సీట్లో ముగ్గురు ఎక్కి డిక్కీ నింపితే ఆ కారు కూడా అన్ని కార్లలాగే వెనక్కి కుంగుతుంది.