విదేశీ జీతాన్ని రూపాయల్లోకి మార్చి చూస్తే చాలదు: మిగులే అసలు కొలమానం

బిలాస్‌పూర్: ఏడాదికి 41,700 పౌండ్ల జీతం. పౌండుకు 115 రూపాయల చొప్పున లెక్కిస్తే దాదాపు 48 లక్షల రూపాయలు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని ఒక ఇంటికి ఇటువంటి నియామక పత్రం అందితే, మొదటి సంభాషణ ఆ అంకె చుట్టూనే తిరగడం సహజం. అయితే నిర్ణయానికి అవసరమైన అంకె అది కాదు. జీతం ఏ దేశంలో వస్తుందో ఖర్చు కూడా ఆ దేశపు ధరల్లోనే జరుగుతుంది. రూపాయల్లోకి మారేది చివరకు మిగిలిన సొమ్ము మాత్రమే.

నాటి వలసలో ఇల్లు కూడా భాగమే

బిలాస్‌పూర్ తెలుగువారికి ఉద్యోగం కోసం ఊరు విడవడం కొత్త కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ పట్టణాన్ని ప్రధాన కూడలిగా మార్చింది. తూర్పు తీర రైలుమార్గంలోని ఉత్తర భాగం 1902లో అదే సంస్థ చేతికి వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారికి రైల్వే కొలువుల దారి తెరచుకుంది. ఆ కుటుంబాల మూడో, నాలుగో తరం ఇప్పుడు ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన ఈ పట్టణంలో నివసిస్తోంది.

ఆనాటి కొలువుకు, నేటి విదేశీ కొలువుకు ఒక ముఖ్యమైన తేడా ఉంది. రైల్వే జీతం చిన్నదైనా దానితో పాటు క్వార్టర్, ఆసుపత్రి, పాస్ లభించేవి. అంటే జీవన వ్యయంలో పెద్ద భాగాన్ని సంస్థే మోసేది. విదేశీ ఉద్యోగంలో జీతం పెద్దదే, కానీ ఇంటి అద్దె మొదలుకొని దాదాపు ప్రతి భారమూ ఉద్యోగిదే.

ఒకే డబ్బు, రెండు విలువలు

దేశాల మధ్య ధరల తేడాను కొలిచేందుకు ఆర్థికవేత్తలు ‘కొనుగోలు శక్తి సమానత’ అనే కొలమానాన్ని వాడతారు. 2017 సంవత్సరానికి జరిగిన అంతర్జాతీయ పోలిక ప్రకారం, మారకపు విపణిలో డాలరు విలువ 65.12 రూపాయలు. కానీ అమెరికాలో ఒక డాలరుకు లభించేంత సరుకును, సేవలను భారత్‌లో 20.65 రూపాయలకే పొందవచ్చని తేలింది. అందువల్ల అక్కడ ఖర్చయ్యే ప్రతి డాలరునూ మారకపు రేటుతో రూపాయల్లోకి మార్చి మురిసిపోవడంలో అర్థం లేదు. అయితే పొదుపు చేసి ఇంటికి పంపే డాలరుకు మాత్రం పూర్తి మారకపు విలువ దక్కుతుంది. విదేశీ ఉద్యోగంలోని ఆకర్షణ, ప్రమాదం రెండూ ఇక్కడే ఉన్నాయి.

బ్రిటన్ లెక్క

2025 జులై 22 నుంచి బ్రిటన్ నైపుణ్య వీసాకు సాధారణ కనీస వార్షిక వేతనం 41,700 పౌండ్లు. ఇందులో మొదటి 12,570 పౌండ్లపై ఆదాయపు పన్ను లేదు. మిగిలిన దానిపై 20 శాతం పన్ను, 8 శాతం జాతీయ బీమా పోగా నెలకు సుమారు 2,795 పౌండ్లు చేతికి వస్తాయి.

2025లో బ్రిటన్‌లో సగటు నెలసరి అద్దె 1,300 పౌండ్లు దాటింది. లండన్‌లో అది 2,200 పౌండ్లకు పైనే. ఒక్కరి జీతంతో లండన్‌లో కాపురం పెడితే, అద్దె చెల్లించాక 600 పౌండ్లు కూడా మిగలవు. స్థానిక సంస్థల పన్ను, విద్యుత్తు, తిండి, ప్రయాణం అన్నీ ఆ కొద్దిపాటి సొమ్ములోనే సర్దుకోవాలి.

ఇది కాక, వీసా కాలమంతటికీ ఆరోగ్య సర్‌ఛార్జిని ముందే చెల్లించాలి. పెద్దలకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776 పౌండ్లు. దంపతులు, ఇద్దరు పిల్లలకు ఐదేళ్లకు 18,110 పౌండ్లు, అంటే సుమారు 21 లక్షల రూపాయలు. వీసా రుసుము దీనికి అదనం. ఈ మొత్తాన్ని సంస్థ భరిస్తుందా, లేదా అన్నది పత్రంలో రాసి ఉండాలి. అప్పు చేసి కట్టవలసి వస్తే మొదటి రెండేళ్ల పొదుపు ఆ అప్పుకే సరిపోవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. లండన్ వెలుపల నివసించే కుటుంబానికి ఖర్చులన్నీ పోగా నెలకు 300 పౌండ్లు మిగిలాయనుకుంటే, అది 34,500 రూపాయలు. స్వదేశంలో నెలకు 90 వేలు సంపాదించి 35 వేలు దాచుకునే వ్యక్తికి ఈ మార్పుతో ఆర్థికంగా ఒరిగేది లేదు. అదే వ్యక్తి ఒంటరిగా వెళ్లి గది పంచుకున్నా, జీవిత భాగస్వామికి అక్కడ ఉద్యోగం దొరికినా లెక్క పూర్తిగా మారిపోతుంది.

గల్ఫ్‌లో పన్ను లేదు, కానీ...

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో జీతంపై ఆదాయపు పన్ను లేదు. అయితే పిల్లలను తీసుకువెళ్తే సాధారణంగా ప్రైవేటు పాఠశాల ఫీజులు తప్పవు. అక్కడ ఉద్యోగ విరమణ గ్రాట్యుటీని మూల వేతనంపైనే లెక్కిస్తారు: మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల వేతనం, ఆపై ఏడాదికి 30 రోజులది. బేసిక్, అలవెన్సుల తేడా రైల్వే కుటుంబాలకు చెప్పనక్కరలేదు. మొత్తం జీతం ఒకటే అయినా, బేసిక్ తక్కువ చూపిన పత్రంతో చివరకు చేతికందేది తగ్గిపోతుంది.

పదో తరగతి పూర్తిచేయనివారు గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే వలస అనుమతి తప్పనిసరి. రిజిస్టరైన ఏజెంటు వసూలు చేయదగిన గరిష్ఠ సేవారుసుము 30,000 రూపాయలు, జీఎస్టీ అదనం. అంతకు మించి అడిగితే అనుమానించవలసిందే.

ఇంటివైపు లెక్క

తండ్రి పదవీ విరమణ చేశాక క్వార్టర్‌ను కొద్ది నెలల్లో ఖాళీ చేయాలి. ఆ తరువాత తల్లిదండ్రులకు బిలాస్‌పూర్‌లో అద్దె ఇల్లా, సొంత ఇల్లా, లేక స్వగ్రామమా అన్నది తేలకుండా విదేశీ జీతం లెక్క తేలదు. విశ్రాంత ఉద్యోగుల వైద్య పథకంలో చేరిన వారికి రైల్వే ఆసుపత్రి అండ ఉంటుంది. కానీ అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకువెళ్లే మనిషి కావాలి. అత్యవసరంగా తిరిగి వచ్చేందుకు విమాన ఛార్జీలను కూడా ఏటా ఖర్చుగానే రాసుకోవాలి.

సంతకానికి ముందు

చేతికందే నెల జీతం, పని చేయవలసిన నగరం, అద్దె అడ్వాన్సు, వీసా ఖర్చు ఎవరిది, ఉద్యోగం పోతే ఎన్ని రోజుల్లో దేశం విడవాలి అన్న అంశాలకు లిఖితపూర్వక సమాధానం పొందాలి. కనీసం మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోవాలి. బ్రిటన్‌లో విదేశీయులను నియమించుకునే లైసెన్సు ఉన్న సంస్థల జాబితాను అక్కడి ప్రభుత్వమే ప్రచురిస్తుంది. అందులో సంస్థ పేరు ఉన్నదో లేదో చూసుకోవడానికి రూపాయి ఖర్చు లేదు.

మిగులు తక్కువైనా పిల్లల చదువు, వృత్తిలో ఎదుగుదల కోసం వెళ్లాలనుకునే వారు ఉంటారు. అది తప్పు నిర్ణయమేమీ కాదు. అయితే ఆ ఎదుగుదలకు ఎంత ధర చెల్లిస్తున్నామో ఇంటిల్లిపాదికీ ముందే తెలిసి ఉండాలి.