ఇరవై నాలుగు దాటాక

నెలసరి ఆరోగ్యం అనగానే సర్కారుకు బడిపిల్లలు, ప్యాడ్లు గుర్తొస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ యువతుల్లో 92 శాతం శుభ్రమైన సాధనాలే వాడుతున్నారు. దేశ సగటు 77. సిద్దిపేట అయితే ‘రుతు ప్రేమ’ పేరుతో కప్పులు, ఉతికి వాడుకునే గుడ్డ ప్యాడ్లు కూడా పంచింది. మెచ్చుకోవలసిందే. కానీ సర్వే ఆ ప్రశ్న అడిగేది 15 నుంచి 24 ఏళ్ల వాళ్లనే. ఆ వయసు దాటిన ఆడమనిషి ముట్టు బాధ ఎటు పోయిందో తెలియాలంటే ఇంకో పట్టిక తిప్పాలి. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దేశం మొత్తం మీద సగానికి పైగా మంది చెప్పిన కారణం ఎక్కువ రక్తస్రావం లేదా నొప్పి. మూడింట రెండొంతుల ఆపరేషన్లు ప్రైవేటు దవాఖానల్లోనే జరిగాయి.

బెజ్జంకి లాంటి పల్లె మండలంలో ఈ అంకెల వెనుక ఏముందో నాట్ల కాలంలో తెలుస్తుంది. పిక్కల లోతు బురదలో పొద్దంతా వంగి పనిచేసే మనిషికి గుడ్డ మార్చుకోవడానికి పొలం గట్టున చాటుండదు. నాగా పెడితే కూలి పోతుంది. రక్తం ఆగకపోతే మందులు మార్చి చూడటానికి, నెలనెలా డాక్టరు దగ్గరికి తిరగడానికి పైసలూ తీరికా ఉన్నవాళ్లకు గర్భసంచి మిగులుతుంది. లేనివాళ్లకు ‘ఒక్కసారి తీసేస్తే పీడా పోతుంది’ అన్న మాటే వైద్యమవుతుంది.

‘ఆడవాళ్లే అడిగి చేయించుకుంటున్నారు కదా’ అంటారు. అడుగుతున్నారు, నిజమే. వేరే దారి చూపించకుండా అడిగించుకున్న దాన్ని ఇష్టం అనగలమా? క్యాన్సరు ఉన్నప్పుడు ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది, దాన్నెవరూ కాదనరు. చాలా రక్తస్రావాలు మాత్రం మాత్రలతోనో, హార్మోన్ లూప్‌తోనో అదుపులోకి వస్తాయి. చిన్న వయసులో అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అంటే కూలి కోసం చేయించుకున్న ఆపరేషనే కూలి చేసే ఒంటిని తీసుకుంటుంది. అనవసరపు ఆపరేషన్లను ఆపే కేంద్ర మార్గదర్శకాలను అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు మూడు నెలల గడువిచ్చింది. అంతకు నెల ముందే, మార్చి 8న, కరీంనగర్‌లో రాష్ట్ర ప్రభుత్వ పథకం ‘ఆరోగ్య మహిళ’ మొదలైంది: మొదట వంద కేంద్రాల్లో ప్రతి మంగళవారం ఆడవాళ్లకే వైద్యం. ప్యాడ్ల పంపిణీ కంటే అసలు జబ్బుకు ఇదే దగ్గర. కాకపోతే మంగళవారం కూడా కూలిరోజే.