వార్తల్లో పదం: వర్టికల్ ఇంటిగ్రేషన్

ఒక వస్తువు తయారీలోని వేర్వేరు దశలను ఒకే సంస్థ తన చేతిలోకి తెచ్చుకోవడమే వర్టికల్ ఇంటిగ్రేషన్. సాఫ్ట్‌వేర్ సంస్థ ఫోన్ల కంపెనీని కొనడం ఇలాంటిదే.

ఎందుకు కొంటాయి?

పట్టు కోసం: ఐఫోన్‌నూ, అందులోని ఐఓఎస్‌నూ ఆపిలే రూపొందిస్తుంది. అందుకే రెండూ చక్కగా కుదురుతాయి, అప్‌డేట్లు త్వరగా అందుతాయి. ఇతర సంస్థలూ ఆ పట్టే కోరుకుంటాయి.

పేటెంట్ల కోసం: మోటరోలా మొబిలిటీని 1,250 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు గూగుల్ 2011లో ప్రకటించింది. ఆండ్రాయిడ్‌పై దావాలు ముసురుకుంటున్న వేళ ఆ కంపెనీ పేటెంట్లు కవచమయ్యాయి. 2014లో ఫోన్ల వ్యాపారాన్ని లెనోవోకు అమ్మేసినా, పేటెంట్లలో అధిక భాగాన్ని గూగుల్ వదులుకోలేదు.

మనుగడ కోసం: అప్పట్లో మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే విండోస్ ఫోన్లలో అత్యధికం నోకియావే. ఆ ఒక్క ఆసరా చేజారకూడదని మైక్రోసాఫ్ట్ 2013లో నోకియా ఫోన్ల విభాగానికీ, పేటెంట్ల లైసెన్సుకూ కలిపి 544 కోట్ల యూరోలు ఇవ్వజూపింది.

ఫలితం?

2014 ఏప్రిల్‌లో నోకియా ఫోన్ల విభాగం కొనుగోలు పూర్తయింది. కానీ యాప్‌లు కరవైన ఫోన్‌ను జనం ఆదరించలేదు. 2015లో మైక్రోసాఫ్ట్ సుమారు 760 కోట్ల డాలర్లను నష్టంగా రాసుకుంది. 7,800 వరకు ఉద్యోగాలను తగ్గిస్తున్నట్టు చెప్పింది. కొనుగోలు ప్రతిపాదనపై తాను వద్దనే ఓటేశానని ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన, హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల తన పుస్తకం ‘హిట్ రిఫ్రెష్’లో రాశారు.

కర్మాగారాన్ని కొనవచ్చు, యాప్‌లు రాసేవారి, వాడేవారి నమ్మకాన్ని మాత్రం సంపాదించుకోవాల్సిందే. ఆ లెక్క తప్పితే మూల్యం చెల్లించేది ఉద్యోగులే.