పేరు చెప్పాలా, దాచాలా?

ఇంటిపేరుతో కులం ఆరా తీసే అలవాటు ఆన్‌లైన్‌లోనూ పోలేదు. అప్పటిదాకా కులం దాచుకుని బతికిన జర్నలిస్టు యషికా దత్, 2016 జనవరి 17న రోహిత్ వేముల మరణించాక తాను దళితురాలినని బాహాటంగా ప్రకటించారు. టంబ్లర్‌లో బ్లాగు తెరిచి, వివక్ష అనుభవాలకు చోటిచ్చారు. 2019లో ఆమె ఆత్మకథ వెలువడింది.

అందరికీ ఆ వెసులుబాటు ఉండదు. ఫెలోషిప్, గైడు సంతకం మీద ఆధారపడిన విద్యార్థికి కలంపేరు పిరికితనం కాదు, రక్షణ. అయితే పేరు మార్చినా ఫోన్ నంబరు, ఫొటో పట్టిస్తాయి. దానికి విడిగా ఈమెయిల్ ఉండాలి. మూకుమ్మడి రిపోర్టులతో ఖాతా పోవచ్చు గనుక ప్రతి రాతకూ సొంత కాపీ దాచుకోవాలి. కులం పేరుతో దూషిస్తే, బ్లాక్ చేసేముందే లింకు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీయాలి. అట్రాసిటీ చట్టం కింద ఫిర్యాదుకు అది పనికొస్తుంది.

ఎప్పుడు, ఎంత చెప్పుకోవాలన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సింది. తోటివారి కులాన్ని వారి అనుమతి లేకుండా మనమూ బయటపెట్టకూడదు.