చిన్న ఊరికి పత్రిక ఎందుకు? – వేల్స్‌లో పత్రికారచన చదివిన ఒక సరిహద్దు విద్యార్థి పరిశీలనలు

పత్రికారచన నేర్చుకోవడానికి పరదేశం వెళ్ళవలసిన అవసరం ఏమిటని మా ఊరిలో పలువురు అడిగారు. హోసూరు ప్రాంతంలోని ఒక తెలుగు పల్లెలో పుట్టి పెరిగిన నేను బ్రిటన్‌లోని వేల్స్ రాజధాని కార్డిఫ్ నగరంలో ఒక సంవత్సరం ఈ విద్యను అభ్యసించాను. పెద్ద పత్రికల పనితీరు తెలుసుకోవాలన్న కోరికతో వెళ్ళాను. తీరా అక్కడ నాకు బోధపడినది చిన్న ఊరి పత్రిక విలువ. సరిహద్దు గ్రామాలలో తెలుగును నిలుపుకుంటున్న కుటుంబాలకు ఈ అనుభవం కొంతైనా ఉపకరించగలదన్న ఆశతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

వేల్స్ – పొరుగు భాష నీడలో ఒక దేశం

వేల్స్ బ్రిటన్ ద్వీపానికి పడమట ఉన్న చిన్న దేశం. జనాభా సుమారు 31 లక్షలు. తూర్పున ఇంగ్లండుతో సరిహద్దు. అక్కడి ప్రాచీన భాష వెల్ష్. ఇది ఇంగ్లీషు నుండి పుట్టినది కాదు, కెల్టిక్ శాఖకు చెందిన వేరే భాష. 1536లో ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ కాలంలో చేసిన చట్టం వేల్స్ న్యాయస్థానాలలో ఇంగ్లీషునే వ్యవహార భాషగా నిర్ణయించింది. 19వ శతాబ్దంలో కొన్ని పాఠశాలలలో వెల్ష్ మాట్లాడిన పిల్లవాని మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవారు. మరొకడు వెల్ష్ మాట్లాడితే అది వాని మెడకు మారేది. సాయంకాలానికి ఎవరి మెడలో ఉంటే వానికి దెబ్బలు. పిల్లలు ఒకరినొకరు పట్టి ఇచ్చుకునేలా చేసిన ఈ పద్ధతి గురించి విన్నప్పుడు నా మనస్సు కలత చెందింది.

ఫలితం జనాభా లెక్కలలో కనిపిస్తుంది. 1901లో వేల్స్ ప్రజలలో దాదాపు సగం మంది వెల్ష్ మాట్లాడేవారు. 2011లో వారు 19 శాతం. 2021లో 17.8 శాతం, అనగా సుమారు 5 లక్షల 38 వేల మంది. 2050 నాటికి ఈ సంఖ్యను 10 లక్షలకు చేర్చాలన్నది వేల్స్ ప్రభుత్వ లక్ష్యం.

దారిపలక నేర్పిన పాఠం

కార్డిఫ్‌లో దిగిన వెంటనే నన్ను ఆకర్షించినవి దారిపలకలు. ప్రతి పలక మీద రెండు భాషలు. ఈ పలకలకు సంబంధించిన ఒక ఉదంతం అక్కడ చాలామందికి తెలుసు. 2008లో స్వాన్సీ నగరపాలక సంస్థవారు భారీ వాహనాలకు ప్రవేశం లేదని తెలిపే పలకను తయారు చేయించదలచి, ఇంగ్లీషు వాక్యాన్ని అనువాదకునికి ఈ-మెయిల్‌లో పంపారు. వెంటనే వెల్ష్‌లో జవాబు వచ్చింది. దానినే అనువాదమనుకొని పలక మీద రాయించి రోడ్డు పక్కన నిలబెట్టారు. ఆ జవాబు అర్థం వేరు: తాను ప్రస్తుతం కార్యాలయంలో లేనని, అనువదించవలసిన పని ఏదైనా ఉంటే పంపవలసిందని అనువాదకుని కంప్యూటరు తనంతట తాను ఇచ్చిన సమాధానమది!

ఈ సంగతి వినగానే నవ్వు వస్తుంది. నవ్వు ఆగిన తరువాత ఆలోచన వస్తుంది. పలక రాయించినవారికి ఆ భాష రాదు. భాష తెలిసినవారు ఆ దారిన పోయి చదివినందువల్లనే తప్పు బయటపడింది. తెలియనిదానిని తెలిసినవారికి చూపకుండా అచ్చు వేయరాదన్నది విలేకరికి మొదటి పాఠం. చదవగలిగినవారు లేని భాషలో ఏమి రాసినా అడిగేవారుండరన్నది ఒక భాషా సమాజానికి అంతకన్నా పెద్ద పాఠం.

పేరు, కలం, న్యాయస్థానం

పత్రికా శిక్షణలో అన్నిటికన్నా ముందు నేర్పినది పేరు సరిగా రాయడం. మనిషి పేరు, ఊరి పేరు, వయస్సు – వీటిని ఆ మనిషినే అడిగి, అక్షరం అక్షరం చెప్పించుకొని రాసుకోవాలి. పేరునే తప్పు రాసిన పత్రిక తక్కిన విషయాలు మాత్రం సరిగా రాస్తుందని ఎవరు నమ్ముతారు? మన సరిహద్దు ఊళ్ళ పేర్లు రెండు మూడు భాషలలో రెండు మూడు విధాలుగా రాయబడుతుంటాయి గనుక ఈ నియమం మనకు మరింత అవసరం.

రెండవది షార్ట్‌హ్యాండ్. చేతి ఫోనులో మాటలు నమోదు చేసుకోగల ఈ రోజులలో ఇదెందుకని నేనూ అనుకున్నాను. కారణం చట్టంలో ఉంది. బ్రిటన్‌లో 1981 నాటి కోర్టు ధిక్కార చట్టం ప్రకారం అనుమతి లేకుండా న్యాయస్థానంలో ధ్వని నమోదు చేయరాదు. 1925 నాటి చట్టం ప్రకారం ఛాయాచిత్రాలు తీయరాదు. కనుక విలేకరికి మిగిలేది కలమే. టీలైన్ అనే పద్ధతిలో నిమిషానికి 100 పదాల వేగాన్ని అక్కడి శిక్షణలో ప్రమాణంగా భావిస్తారు.

అదే 1981 చట్టం మరొక కట్టుబాటు విధించింది. ఒక వ్యక్తిని అరెస్టు చేసినది మొదలు, విచారణకు తీవ్రమైన హాని కలిగించగల రాతలు అచ్చు వేయరాదు. కోర్టు తీర్పు చెప్పేదాకా అతడు నిందితుడే గాని దోషి కాడు. లైంగిక నేరానికి గురైనవారి పేరు వారి జీవితకాలమంతా ప్రకటించరాదు. మన దేశంలోనూ ఇటువంటి నిషేధం ఉంది. పూర్వం భారత శిక్షాస్మృతిలో 228ఏ విభాగంగా ఉన్నది 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 72వ విభాగమైంది. పల్లెలలో ఇంటిపేరు, వీధిపేరు చెప్పినా మనిషి తెలిసిపోతుంది. కనుక చిన్న ఊరి విలేకరి పేరు దాచితే చాలదు, ఆనవాళ్ళు కూడా దాచాలి.

పత్రిక మూతబడిన ఊరు

బ్రిటన్‌లో స్థానిక సంస్థల సమావేశాలకు ప్రజలు, విలేకరులు హాజరయ్యే హక్కును బలపరచిన చట్టం 1960లో వచ్చింది. తరువాతి కాలంలో ప్రధానమంత్రి అయిన మార్గరెట్ థాచర్ సాధారణ సభ్యురాలిగా ప్రవేశపెట్టిన బిల్లు అది. అయితే తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన సరిపోదు, లోపల కూర్చుని వినేవారు ఉండాలి.

దక్షిణ వేల్స్‌లో పోర్ట్ టాల్బట్ ఉక్కు కర్మాగారానికి పేరుపొందిన పట్టణం. 2009లో ఆ ఊరి వారపత్రిక మూతబడింది. అటు తరువాత ఆ పట్టణానికి వార్తలు ఎలా అందుతున్నాయో కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధన జరిగింది. సమావేశాలలో స్వయంగా కూర్చుని రాసే విలేకరులు తగ్గారు. సంస్థలు పంపే ప్రకటనల మీద ఆధారపడే వార్తలు పెరిగాయి. తమ ఊరి సంగతులకు ప్రజలు పుకార్లను ఆశ్రయించవలసి వచ్చింది. 2024 సెప్టెంబరు 30న ఆ కర్మాగారంలోని చివరి బ్లాస్ట్ ఫర్నేసు ఆగిపోయింది. అంతటి మార్పు వచ్చిన రోజున తన ఊరి కళ్ళతో చూసి రాసే పాత వారపత్రిక ఆ పట్టణానికి లేదు.

ఊరి పత్రికలు

దీనికి మరొక పార్శ్వం వెల్ష్ భాషలోని ఊరి పత్రికలు. వీటిని అక్కడ పాపిర్ బ్రో అంటారు. 'బ్రో' అంటే మన సీమ, మన పరిసరం వంటి మాట. 1973 ఏప్రిల్‌లో కార్డిఫ్‌లో వెలువడిన 'అ దినేసిద్' వీటిలో మొదటిది. ఆ పేరుకు 'పౌరుడు' అని అర్థం. అనతికాలంలోనే దేశమంతటా ఇటువంటివి 50కి పైగా ఏర్పడ్డాయి. ఇవి ప్రధానంగా మాసపత్రికలు. వీటిని నడిపేవారు ఉపాధ్యాయులు, రైతులు, గృహిణులు, పదవీ విరమణ చేసినవారు. చాలావరకు జీతభత్యాలు లేవు. కొద్దిపాటి ప్రభుత్వ సహాయం, ఊరి దుకాణాల ప్రకటనలు, చందాలు – ఇవే ఆధారం.

వాటిలో ఏముంటుంది? ఎవరింట బిడ్డ పుట్టింది, ఎవరు కాలం చేశారు, బడిలో ఏ పిల్లకు బహుమతి వచ్చింది, ప్రార్థనామందిరంలో ఏ కార్యక్రమం జరిగింది, ఆటలపోటీలో ఏ ఊరు గెలిచింది. మహానగరపు పత్రికకు ఇవి వార్తలు కావు. అయితే తన మనుమరాలి పేరు అచ్చులో చూసుకున్న వృద్ధుడు ఆ పత్రికను మూడుసార్లు చదువుతాడు. ఇంగ్లీషు బడిలో చదువుకొని వెల్ష్ చదవడం మానుకున్నవారు సైతం తమ ఊరి సంగతి కోసం కూడబలుక్కొని చదువుతారు. భాష చదివే అలవాటు నిలిచేది ఇటువంటి చోటనే.

కొన్నిచోట్ల పత్రిక కాగితాలు మడవడానికి సాయంత్రం అందరూ ఒకచోట చేరే ఆచారం ఉంది. అటువంటి ఒక సాయంత్రం నేనూ వెళ్ళి కూర్చున్నాను. పొడవాటి బల్ల చుట్టూ ఇరవైమంది. చేతులు మడుస్తున్నాయి, నోళ్ళు వెల్ష్‌లో కబుర్లు చెబుతున్నాయి. నా పక్కన కూర్చున్న ఒక వృద్ధురాలు మీ భాషలో మీ ఊరికి పత్రిక ఉందా అని ఇంగ్లీషులో అడిగింది. ఉందని గర్వంగా చెప్పాను. మీ పిల్లలు దానిని చదువుతారా అని మళ్ళీ అడిగింది. వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. మా ఇంట్లో నాన్న బిగ్గరగా చదివితే అవ్వ వింటుంది. తమ్ముడు తెలుగు చక్కగా మాట్లాడతాడు, తెలుగు అక్షరాలు మాత్రం రావు.

ఈ ఊరి పత్రికలలో లోపం లేదని కాదు. ఇరుగుపొరుగు మధ్య బ్రతికే కార్యకర్తలు వివాదాల జోలికి పోవడానికి వెనుకాడుతారు. అభిమానంతో నడిచే పత్రిక భాషను కాపాడగలదు గాని, కౌన్సిలు లెక్కలు అడగడం దానికి కష్టం. పోర్ట్ టాల్బట్ కోల్పోయినది ఆ అడిగే గొంతునే. చిన్న ఊరికి ఈ రెండు పనులూ కావాలన్నదే నా చదువు మొత్తానికి సారాంశం.

దీక్షతో సాధించిన దూరదర్శన్

వెల్ష్ ప్రజలకు ఇవేవీ ఊరకే రాలేదు. 1962 ఫిబ్రవరిలో సాండర్స్ లూయిస్ అనే రచయిత రేడియో ప్రసంగంలో, ధోరణి మారకపోతే 21వ శతాబ్ది ఆరంభానికి వెల్ష్ సజీవ భాషగా మిగలదని హెచ్చరించాడు. అదే సంవత్సరం భాషా ఉద్యమ సంఘం ఏర్పడింది. వెల్ష్‌లో టెలివిజన్ ఛానెల్ ఇస్తామన్న మాటను ప్రభుత్వం వెనక్కి తీసుకున్నప్పుడు, 1980లో గ్విన్‌ఫోర్ ఎవాన్స్ అనే నాయకుడు అక్టోబరు 6 నుండి ఆమరణ నిరాహార దీక్ష చేస్తానని ప్రకటించాడు. ప్రభుత్వం సెప్టెంబరులోనే దిగివచ్చింది. 1982 నవంబరు 1న ఎస్ 4 సీ అనే వెల్ష్ ఛానెల్ ప్రసారాలు మొదలయ్యాయి. 2011 చట్టంతో వెల్ష్‌కు వేల్స్‌లో అధికార హోదా లభించింది.

ఈ చరిత్ర విన్నప్పుడు తెలుగువానికి పొట్టి శ్రీరాములు గుర్తుకు రాకుండా ఉండరు. ఆయన 1952 డిసెంబరు 15న ప్రాణత్యాగం చేసిన పిమ్మట 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మన ఊళ్ళు ఆ గీతకు ఇవతలనే మిగిలిపోయాయి.

మనం చేయగలిగినది

గీతకు ఇవతల మిగిలినవారు వెల్ష్‌వారిలోనూ ఉన్నారు. ఉపాధి కోసం తరతరాల క్రితం ఇంగ్లండులోని లివర్‌పూల్ చేరిన వెల్ష్ కుటుంబాలకు 1979లో 'అర్ ఆంగోర్' అనే సొంత పత్రిక ఏర్పడింది. ఆ పేరుకు 'లంగరు' అని అర్థం. రాజ్యం తమది కాకపోయినా అక్షరాన్ని వదులుకోలేదు.

మనకు కొన్ని ఆధారాలున్నాయి. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఏ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించడానికి ప్రయత్నించాలని రాష్ట్రాలకు చెబుతుంది. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుండి పూర్తిగా అమలులోకి వచ్చింది. అయితే దాని క్రింద దరఖాస్తు ఇంగ్లీషులో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని ఇవ్వాలి. అందుకే తమిళమైనా, కన్నడమైనా, ఒడియా అయినా, మరాఠీ అయినా రాష్ట్ర భాషను మన పిల్లలు బాగా నేర్వడం అవసరం. అది అడిగే భాష. తెలుగు ఇంటి భాష. ఒకటి నేర్చుకోవడానికి మరొకటి మరువనక్కరలేదు. రెండు మూడు భాషలు మాట్లాడడం సరిహద్దు ప్రజలకు కొత్త విద్య కూడా కాదు.

మీ ఊరి గ్రామసభకు ఒకరు వెళ్ళి, ఏ పనికి ఎంత మంజూరైనదో రాసుకొని పత్రికకు పంపండి. బడిలో తెలుగు ఉపాధ్యాయుని ఖాళీ ఎన్నాళ్ళుగా ఉందో తేదీలతో రాయండి. పెళ్ళి, పురుడు, బడి బహుమతి వంటి సంగతులను చిన్నవని భావించక పేర్లు సరిచూసి పంపండి. మరొక పని – ఆ వార్తను ఇంట్లో పెద్దలు చదవక, పిల్లల చేత చదివించండి.

నేను తిరిగి వచ్చిన తరువాత మా తమ్మునికి అక్షరాలు నేర్పడం మొదలుపెట్టాను. పుస్తకం ముందు పెట్టుకుంటే విసుక్కున్నాడు. తన బడి కబడ్డీ జట్టు గెలిచిన వార్తను ముందు పెడితే, తన పేరు ఎక్కడుందో వెదకడానికి వరుసలన్నీ వేలితో గాలించాడు. ఇప్పుడు వారానికి ఒక వార్త అవ్వకు అతడే చదివి వినిపిస్తున్నాడు. తప్పులు పోతాయి. అవ్వ దిద్దుతుంది.